మామ బొటనవేలు

మా మేనమామ ఏ పని చేసినా, చివర్లో కళ్లు మూసుకుని బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకునేవాడు. తలుపుకు గడియ బిగించినా అంతే, కొడవలికి పిడి వేసినా అంతే. "దీనికి ఇంకొకడెందుకబ్బా" అనేది ఆయన మాట.

తిరుమల కొండెక్కేటప్పుడు తన పాత మోటారుసైకిలు లాగడం లేదని ఒకసారి ఇంజిన్ పైభాగం, అదే హెడ్, విప్పాడు. గాలి లోపలికి పోయే దారిని, పొగ బయటికి పోయే దారిని వెడల్పు చేసి నునుపు చేస్తే బండి లాగుతుందని ఫోనులో చూసి, తనే గ్రైండింగ్ మొదలుపెట్టాడు. లోహం పలచబడి ఒకచోట చిల్లు పడింది. ఆ హెడ్‌ను తువ్వాలులో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని, తిరుపతిలో ఇంజిన్ హెడ్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఎవురు సేసినారప్పా ఇది?" అని అడిగాడాయన.

"చిత్తూరులో ఒక మెకానిక్కుకు ఇచ్చినా. ఇట్ల చెడగొట్టినాడు," అన్నాడు మామ. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

షాపాయన హెడ్‌ను వెలుతురుకు తిప్పి చూశాడు. "యాడ ఆపాల్నో తెలీలా పాపం. కానీ శానా ఓపికతో రుద్దినాడు. ఎంత నున్నగా ఉండాదో సూడు."

మామ ఉండబట్టలేకపోయాడు. "పొగ బయటికి పొయ్యే దారి ఇంకా నున్నగా వచ్చిండాది," అంటూ బొటనవేలు లోపల పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి మేమిద్దరం ఆయన్నే చూస్తున్నాం.

షాపాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "చిల్లుకు వెల్డింగ్ పెట్టి నేను సరిజేస్తా. ఆ మెకానిక్కుకు మాత్రం ఒక మాట సెప్పప్పా, ఈసారి సెయ్యి పెట్టకముందే నా కాడికి రమ్మని."

మామ బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"చెప్తాలేప్పా," అన్నాడు.