పీరయ్య రొబోత

పీరయ్యన్నకు ఒక్కటే జబ్బు. ఏ దేశపు మనిషి కనిపించినా, పనిని వాళ్ల భాషలో ఏమంటారో అడిగి ఆ మాట కులగోత్రాలు తేల్చేదాకా వదలడు. సౌదీలో రాస్ తనూరా రిఫైనరీలో ఆయన మా స్కఫోల్డింగ్ ఫోర్‌మన్; ఇనప పైపులతో పరంజా కట్టడం మా పని. పక్క కంపెనీకి మారెక్ అనే స్లొవేకియా ఇంజనీరు వచ్చిన రోజు నుంచి మాకు శని పట్టింది.

"రొబోత అంటే పనిరా రాజేశం! రష్యా, పోలండు, బల్గేరియా, యాడికి వోయినా జరంత అటిటుగ గదే మాట. దాని తల్లి మాటకు బానిస అని అర్థం. ఇంకా తవ్వితె అనాథ. మన అర్భకుడు గూడ ఆ ఇంటి సుట్టమేనంట!"

"గీ ఎండల గది తెల్సుకొని ఏం జెయ్యాలె పీరన్నా?"

"ఎవడు ఏ పేరు వెట్టినా మనం జేసేది గదే అని తెలుస్తది."

ఈ పాఠం కింద నీడలో చెప్పొచ్చు కదా, చెప్పడు. నేను కట్టిన స్కఫోల్డింగ్ నాలుగో అంతస్తుకు మారెక్‌ను ఎక్కించి, నన్ను పక్కన నిలబెట్టి మొదలుపెడతాడు. బానిస దగ్గర ఒకసారి, అనాథ దగ్గర ఒకసారి పలకల మీద ధనధనా ఎగురుతాడు. మారెక్ పైపు పట్టుకుని వినేవాడు. నేను తల పట్టుకుని వినేవాణ్ణి.

అంతలో నితాఖత్ చట్టం వచ్చింది. సౌదీవాళ్లకు తగినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీకి ఎర్ర రంగు, ఇచ్చినదానికి పచ్చ. మా ముదీరు, అదే మేనేజరు, హడావిడిగా తన మేనల్లుళ్ల పేర్లు రాయించాడు గానీ, వాళ్లకు ఆఫీసు దారి తెలిసేలోపే కంపెనీ ఎర్రబడింది. ఇక అక్కడ ఉండనిచ్చే మా అకామా కార్డులు రెన్యూ కావు. పచ్చ కంపెనీ ఏదైనా తీసుకోవాలి, లేదా ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవాలి. నా అకామా అయిపోవచ్చింది.

మారెక్‌ది పచ్చ కంపెనీ. పని కోసం ఆ గేటు ముందు చేరిన జనంలో నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచాడు.

"ఇతను కట్టినదాని మీద ఆ పెద్దాయన ఎన్నిసార్లు ఎగిరాడో! ఒక్కసారీ ఊగలేదు. ఇతను నాకు కావాలి."

నాకప్పుడు వెలిగింది. నాలాగే తాము కట్టినదాని పైకెక్కి పాఠం విన్న నర్సింలు, స్వామి అప్పటికే లోపల నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"మరి పీరన్న?" అన్నాను.

మారెక్ దణ్ణం పెట్టినంత పని చేశాడు. "ఆయనొస్తే పని జరగదు!"

"ఆయన రాకుంటె మేం గూడ రాం సార్."

మారెక్ చాలాసేపు గొణిగి, చివరికి సరేనన్నాడు.

పరుగున మెస్‌కు వెళ్లి పీరన్న చెయ్యి పట్టుకున్నాను. "మా కోసమేనా అన్నా, గన్ని దినాలు ఎగిరింది?"

"నీ మొఖం! మోకాళ్లు పట్టేసినయి. ఎగిరితె సదురుకుంటయేమోనని ఎగిరిన" అని చాయ్ ఊదుకున్నాడు.

మోకాళ్లు పట్టేసిన మనిషి రోజూ నాలుగంతస్తులు ఎందుకెక్కాడో నేనింక అడగలేదు.