పెదాలు కదిపితే చాలన్నారు

వనజ టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని పులివెందులలో తెలియనివాళ్లు లేరు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. ముప్పై ఏళ్లు సంగీతం టీచరుగా బతికిన మనిషికి కోపం రాకపోతే వింత గానీ, వస్తే వింతేముంది?

ఆమెది జమ్మలమడుగు. తండ్రి సాల్మన్ రాజు ఆసుపత్రిలో కాంపౌండరు, ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పేవాడు. కొత్త కీర్తన ఎత్తుకుంటే గుంపుగా పాడనిచ్చేవాడు కాదు. ముందు ఒక్కొక్కరే లేచి ఒక చరణం పాడాలి, ఆ తర్వాతే అందరూ కలవాలి. "గుంపులో దాంకుంటే పాట రాదు పాపా" అనేవాడు. ఏడేళ్ల వనజ భయపడుతూనే లేచి పాడింది. తిరిగి కూర్చునేసరికి ఆమెకు పాట పిచ్చి పట్టుకుంది.

రాగాలు నేర్చుకుందామని ప్రొద్దుటూరులో సంగీతం చెప్పే కామేశ్వరమ్మ ఇంటికి పోతే, ఆవిడ అత్తగారు ఏడాది పాటు వసారా దాటి రానివ్వలేదు. రెండో ఏడు కామేశ్వరమ్మ అత్తగారితో పోట్లాడి లోపలికి పిలిచింది. ఇటు చర్చిలోనేమో, "ఈ రాగాలేంది, కచేరీ చేస్తాండావా?" అని పెద్దలు కసిరారు. ఆ రెండు అవమానాలూ వనజ ఇప్పటికీ మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోవాలి?

డిప్లొమా అయ్యాక ప్రొద్దుటూరులోనే ఓ హైస్కూల్లో చేరింది. పేరుకు సంగీతం టీచరు. సంగీతం పీరియడు లెక్కల మాస్టారు ఎత్తుకుపోయేవాడు. ఆమెకు మిగిలింది మధ్యాహ్న భోజనాల దగ్గర కోడిగుడ్లు పంచడం, పరీక్షలప్పుడు కాపలా కాయడం. ఆగస్టు పదిహేను దగ్గర పడితే మాత్రం అందరికీ గుర్తొచ్చేది. "ఓ పాట తయారుచేయమ్మా, నాల్రోజులే ఉండాది" అనేవాడు హెడ్మాస్టరు, టీ చెప్పినంత తేలిగ్గా.

ఆమె పళ్లు కొరుక్కుంటూనే పాట కట్టేది. అట్లా కట్టినవే అన్నీ. శనక్కాయలు ఒలిచే ఆడవాళ్ల మీద ఒకటి, పెన్నా ఇసుకలో నీళ్ల కోసం చెలమ తవ్వే ఆడపిల్లల మీద ఒకటి. చెలమ పాట చుట్టుపక్కల బళ్లన్నిటికీ పాకింది. ఆ ఊళ్లోనే ఎవరో దాన్ని పాటల పుస్తకంలోనూ అచ్చేశారు, కింద "పాతకాలపు జానపదం" అని రాసి. కట్టిన మనిషి బతికే ఉంది, అదే ఊళ్లో ఉంది, అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఆ పేజీ చూసి వనజ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఎనిమిదేళ్ల కిందట పులివెందులలో సర్కారువాళ్లు పిల్లల సంగీత పాఠశాల ఒకటి పెట్టి, దానికి ఆమెను ప్రిన్సిపాలుగా వేశారు. రెండు గదులు, నలభై మంది ఆడపిల్లలు, టీచరు మాత్రం ఆమె ఒక్కతే. వయొలిన్‌కు ఒకరిని, మృదంగానికి ఒకరిని ఇవ్వమని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ప్రతి చోటా "చూద్దాం" అన్నారు. ఎనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

ఈసారి వార్షికోత్సవానికి మంత్రి వస్తున్నాడన్నారు. మూడు వారాల ముందు అభిలాష్ అనే కుర్ర అధికారి పెన్ డ్రైవ్ పట్టుకుని దిగాడు.

"మేడం, మీ చెలమ పాటే హైదరాబాదు స్టూడియోలో రికార్డు చేయించాం. పిల్లలు స్టేజీ మీద పెదాలు కదిపితే చాలు."

"మా పిల్లోళ్లకు నోర్లు లేవా సార్? పాడేదానికే గదా ఈ బడి పెట్టింది."

"తప్పు పాడితే మంత్రిగారి ముందు పరువు పోతుంది. ప్రోగ్రాం బాగా జరిగితే మీ రెండు పోస్టులూ ఆ వేదిక మీదే ప్రకటిస్తారు. ఆలోచించుకోండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ మృదంగం చెప్పేవాళ్లు లేక బల్ల మీద దరువేసుకునే పిల్లలు గుర్తొచ్చారు. కోపాన్ని మింగి సరేనంది. ఎవరికీ తల వంచని మనిషి, వంచకూడని చోటే వంచింది.

ఇక రిహార్సళ్లు. పిల్లల ముందు పెట్టే మైకులు ఆన్‌లోనే ఉండాలట, లేకపోతే వాటి లైట్లు వెలగక అంతా ఉత్తుత్తిదని తెలిసిపోతుందట. ఎవరైనా నోరు విప్పితే ఆ గొంతు రికార్డుతో కొట్లాడేది. మైమూన్ అనే పదకొండేళ్ల పిల్లకు నోరు ఆగేది కాదు. బడి మొత్తంలో మంచి గొంతు ఆ పిల్లదే.

"గొంతు తీయొద్దంటే నీగ్గాదూ! ఇంకోసారి శబ్దమొచ్చిందంటే పాటలోనుంచే తీసేస్తా" అని వనజ అరిచింది. అభిలాష్ మీద చూపించలేని కోపమంతా ఆ పిల్ల మీద చూపించింది. మైమూన్ కళ్లు తుడుచుకుని పెదాలు మాత్రమే కదపడం నేర్చుకుంది.

ఆ రోజు హాలు కిటకిటలాడింది. పట్టుపరికిణీల్లో నలభై మంది వరసగా నిలబడ్డారు. స్టూడియో గొంతు మొదలైంది, నగల కొట్టు ప్రకటనలా తియ్యగా. మంత్రి ఫోను చూసుకుంటున్నాడు. ముందు వరసలో వనజ పక్కన కూర్చున్న అభిలాష్ పొంగిపోయాడు.

"చూశారా మేడం, పిల్లలు ఎంత బాగా పాడుతున్నారో!"

వెటకారంగా అన్నా ఆమె ఓర్చుకునేదేమో. నిజంగానే అన్నాడు. పాడటమంటే ఇదేననుకుంటున్నాడు.

వనజ దిగ్గున లేచింది. నేరుగా సౌండు పెట్టిన ఫరూఖ్ దగ్గరకు పోయింది.

"ఆ పాట ఆపప్పా."

"మేడం, ఆడ మంత్రి ఉండాడు..."

అతని మాట పూర్తి కాకముందే రికార్డు వైరు పీకేసింది. స్టూడియో గొంతు తెగిపోయింది. నలభై నోళ్లు మాత్రం ఇంకో రెండు లైన్లు చప్పుడు లేకుండా కదిలాయి. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. అభిలాష్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

వనజ స్టేజీ ముందుకు వచ్చి నిలబడింది.

"పాడండే! ఇట్ల చూస్తాండారేంది? మీ గొంతులతో పాడండే!"

ఒక్కరూ నోరు తెరవలేదు. బెదిరిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్న మైమూన్ మైకు దగ్గరకు ఒక అడుగు వేసింది.

"మీరే గదా మేడం, గొంతు తీయొద్దంటిరి."

ఆ మాటను మైకు హాలు చివరిదాకా వినిపించింది. వనజ ఎవరినైనా తిట్టాలని నోరు తెరిచింది. తిట్టడానికి తను తప్ప ఎవరూ దొరకలేదు.