చాయ్ తాగితే తగ్గే జబ్బు

అప్పుడు నేను ఏడో తరగతి. చాంద్రాయణగుట్ట దగ్గర మాకు బర్రెలుండేవి. పొద్దున్నే పరగడుపున గల్లీల్లో పాలు పోసి రావడం నా పని. ఒకరోజు ఒక ఇంటి ముందు చెమటలు పట్టి, చేతులు వణికి, గిన్నెలో పోయాల్సిన పాలు గడప మీద పోశాను. ఏమడిగినా పిచ్చి జవాబులు చెప్పానట. ఆ ఇంటావిడ తీపి చాయ్ తాగించింది. కాసేపటికి మామూలు మనిషినయ్యాను.

ఆ తర్వాత తరచూ ఇదే తంతు. చాయ్ తాగితే లేచి కూర్చుంటాను కాబట్టి పని తప్పించుకునే నాటకమన్నారు. బాపు వాళ్ళ అన్న, మా పెద్దబాపు, అందరి ముందూ నన్ను ఆడిపోసుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక డాక్టర్ ఫిట్స్ అని మాత్రలు రాశాడు. నాయనమ్మ దేవుడికి మొక్కి, ప్రతి శనివారం నాతో ఒక్కపొద్దు ఉపవాసం పట్టించింది. శనివారాలే ఎక్కువ పడిపోయేదాన్ని.

ఒక శనివారం పడి ఇక లేవలేదు. అమ్మ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. వేలు గుచ్చి చూస్తే షుగర్ అడుగంటింది. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్ళు తెరిచాను. అమ్మ చాయ్ సంగతి చెబితే డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మొత్తం మళ్ళీ చెప్పించుకుంది. అడ్మిట్ చేసి, నర్సును పక్కనే కూర్చోబెట్టి, ఏమీ తిననివ్వకుండా షుగర్ ఎంత పడిపోతుందో చూసే ఫాస్టింగ్ టెస్ట్ చేసింది. తర్వాత స్కాన్‌లు.

"నాటకం కాదు, ఫిట్స్ జబ్బూ కాదు. ప్యాంక్రియాస్‌లో చిన్న ట్యూమర్, ఇన్సులినోమా. అవసరం లేకున్నా ఇన్సులిన్ వదులుతోంది, అందుకే షుగర్ పడిపోతోంది" అంది. భయం కన్నా ముందు నాకు గెలిచినట్టనిపించింది.

సర్జన్ ల్యాప్రోస్కోపీ అన్నాడు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి గడ్డను ఒలిచి తీస్తారట. కుదరకపోతే అప్పటికప్పుడే కడుపు కోస్తారట. బాపు సంతకం చేశాడు. కోయకుండానే గడ్డ బయటికొచ్చింది. కానీ లోపల ప్యాంక్రియాస్ రసం లీకైంది. ఆ రసం బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ పైపుతోనే ఇంటికి పంపారు. చూడవచ్చిన పెద్దబాపు ఆ పైపు చూసి, "గింత చిన్న చిల్లులకెల్లి గడ్డంత వస్తదా? లోపల్నే ఉండిపోయింటది" అన్నాడు.

"పెద్దబాపూ, పొద్దుగాల సంది ఏం తినలే. గిట్ల నీ ముందట నిలబడ్డ. చేతులు వణుకుతున్నయా, సూడు" అన్నాను.

ఆయన చూశాడు. చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

కొన్ని వారాలకు లీక్ ఆగింది, పైపు తీశారు. ఇప్పుడు మా పాల దుకాణం నేనే నడుపుతున్నాను. నాయనమ్మ మొక్కిన శనివారాల మొక్కు బాకీ ఉందని చుట్టాలు గుర్తు చేస్తూనే ఉంటారు. ఆపరేషన్ తర్వాత నేను ఒక్కపొద్దు ఉండలేదు, ఉండను. మీ పిల్ల పరగడుపున తూలి, తీపి తగలగానే తేరుకుంటుంటే, ఈసారి తూలినప్పుడే వేలు గుచ్చి షుగర్ చూపించండి. నాటకమన్నవాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.