టాపు లేని కారు

డెబ్బైల్లో, బదిలీ మీద వెళ్తున్న మేనేజరు దొర పారేయలేక అమ్మిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును, గోదావరిఖనిలో బొగ్గు బాయి పని చేసే మా ఆయన మురిసిపోతూ కొన్నాడు. సెలవు రోజంతా దాని మరమ్మతే. కారును దుంగల మీదికి ఎత్తి, బాయిలో పైకప్పును పరీక్షించినట్టే కర్రతో తట్టి, చెవి పెట్టి విన్నాకే కిందికి దూరేవాడు. బ్రేకులు బాగు చేశాడు, రేడియేటరుకు తనే మాట్లు వేశాడు. చిరిగిపోయిన గుడ్డ టాపు జోలికి మాత్రం పోలేదు. వానొస్తే, క్వార్టర్ల వాళ్లందరూ చూస్తుండగా నేను కారులో గొడుగు పట్టుకొని కూర్చునేదాన్ని.

చివరికి ఒళ్లు మండి, టార్పాలిన్ తెచ్చి నేనే టాపు కుట్టాను. ఆయన బాగుందని మెచ్చుకొని, దాన్ని నేల మీద పరుచుకొని మళ్లీ కారు కిందికి దూరాడు.

"ఏందయ్యా, గా టాపు నెత్తి మీదికి కుట్టిన, నడుం కిందికి కాదు!" అని అరిచాను.

కారు కింద నుంచే జవాబొచ్చింది. "బాయిల దినాం కప్పు ఎప్పుడు కూలుతదో అని చూసుడే అయితది. బయటికొచ్చినంక గూడ నెత్తి మీద కప్పెందుకే?"

తర్వాతి వానకు గొడుగు ఒళ్లోనే పెట్టుకొని, ఆయన్ని తిడుతూనే తడిశాను.