"ఏ వైపు?" అనే పిన్ని

మా పిన్నికి నొప్పి గురించి చెప్పి అయ్యో పాపం అనిపించుకున్నవాళ్లు లేరు. చెప్పిన మరుక్షణం ఆవిడ అడిగేది ఒక్కటే: "ఏ వైపు?"

"ఒళ్లంతా నొప్పులే" అని ఒకసారి బాబాయి మంచమెక్కాడు.

"ఒళ్లంతా అంటే కుదరదు. కుడివైపా, ఎడమవైపా? ఎక్కడ మొదలైంది?"

బాబాయి కాసేపు ఆలోచించి, లేచి స్నానానికి వెళ్లిపోయాడు. చెప్పడం కన్నా తగ్గడమే తేలికనిపించిందట.

పిన్ని పందొమ్మిదేళ్లు ఆస్పత్రి రికార్డు గదిలో పనిచేసింది. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక ఆ గదికి తాళం పడింది, ఆవిడ ఉద్యోగానికీ పడింది. అప్పటికి నలభై ఆరేళ్లు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నాతో పాటు మెడికల్ కోడింగ్‌లో చేరింది. డాక్టరు రాసిన జబ్బుకీ, చేసిన వైద్యానికీ సరైన కోడ్ వేయడం ఆ పని. ఆ కోడ్ చూసే బీమా కంపెనీ బిల్లు కడుతుంది.

సర్టిఫికేషన్ పరీక్షలో ఒక ప్రశ్నలో కాలు విరిగిందని ఉంది. ఏ కాలో లేదు. పిన్ని చెయ్యెత్తింది.

"ఏ కాలండీ?"

"ఉన్నదానికి జవాబు రాయండమ్మా" అన్నాడు ఇన్విజిలేటర్.

"మనిషికి రెండుంటాయి కదండీ!"

ఆ ఒక్క ప్రశ్న దగ్గరే పావుగంట కూర్చుంది. నేను పాసయ్యాను. ఆవిడ రెండు మార్కుల్లో పోయింది. ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చుంది. ఇల్లు బోసిపోయినట్టుంది. మూడు నెలలకు మళ్లీ రాసి గట్టెక్కింది.

అసలు గండం ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో.

"అనుభవం ఉందా?"

"పందొమ్మిదేళ్లండీ."

"కోడింగ్‌లో?"

"లేదండీ."

ఏడు చోట్ల ఇదే వరస. ఎనిమిదో చోట అధికారి, "మా అమ్మకి మోకాలు నొప్పి. అందుకే నిన్న మిమ్మల్ని పిలవలేకపోయాను" అన్నాడు.

"ఏ మోకాలండీ?"

అది ఆయనకీ తెలియదు. ఉద్యోగం ఇవ్వలేదు గానీ, పిన్ని గుమ్మం దాటేలోపే తల్లికి ఫోన్ చేస్తున్నాడు.

చివరికి నేను అప్పటికే చేరిన ఆఫీసులోనే మూడు నెలలు చూస్తామని తీసుకున్నారు. రోజుకు ఎనభై ఫైళ్లు చేయాలి. పిన్నివి యాభై దాటేవి కావు. వైపు రాయని ప్రతి ఫైలుకీ ఆస్పత్రికి ప్రశ్న పంపేది. గడువు ముగిసే వారం టీమ్ లీడర్ నన్ను పిలిచాడు.

"మీ పిన్నిగారికి శుక్రవారమే ఆఖరు. మీరే మెల్లిగా చెప్పండి."

 చెబుదామని మధ్యాహ్నం భోజనాల గదిలో వెతికితే పిన్ని లేదు. తన సీట్లోనే ఉంది. బీమా కంపెనీలు తిప్పికొట్టిన ఫైళ్లు తెరుచుకుని కూర్చుంది. అవి రోజువారీ పనిలోకి రావు కాబట్టి ఎవరూ ముట్టుకోరు.

"ఇవి నీకెందుకు పిన్నీ?"

"ఇది చూడు. ఈవిడకి కిందటి నెల కుడి కంటికి శుక్లం తీశారు, ఈ నెల ఎడమ కంటికి. మనవాళ్లెవరో వైపు వేయలేదు. ఒకే ఆపరేషన్‌కి రెండుసార్లు అడుగుతున్నారని బీమావాళ్లు కాదన్నారు. కుట్టుపని మనిషట. ఎక్కడికెళ్లి మొత్తుకుంటుంది?"

"ఇలాంటివి ఎన్ని చేశావు?"

"ఎవరు లెక్కపెట్టారు? నూట పదకొండు."

టీమ్ లీడర్‌ని లాక్కొచ్చి చూపించాను. ఆయన నిలబడే పది ఫైళ్లు చదివాడు. పిన్ని సరిచేసి మళ్లీ పంపిన ఆ పదీ మంజూరయ్యాయి.

"మిమ్మల్ని ఎవరు చేయమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. వైపు రాయకపోయినా మనకేం నొప్పి ఉండదు. నొప్పంతా ఆ ఫైల్లో ఉన్న మనిషికే."

ఆయన ఆ ఫైళ్ల జాబితా అడిగి తీసుకెళ్లాడు.

శుక్రవారం ఆయనిచ్చిన కాగితంలో, తిరిగొచ్చిన ఫైళ్లు చూసే పనికి పిన్నిని పర్మనెంట్ చేసినట్టు ఉంది. పిన్ని రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి మాతో భోజనానికి వచ్చింది. డబ్బా మూత తీసిందో లేదో, టీమ్ లీడర్ వైపు రాయని ఒక ఫైలు పట్టుకుని పరుగున వచ్చాడు.

పిన్ని తలెత్తకుండానే అంది: "ముందు కూర్చుని అన్నం తినండి బాబూ. ఏ వైపో తర్వాత చూద్దాం."


ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.