దుమ్ము మాస్టారు అడిగిన దిండు

వెర్రి వెయ్యి విధాలంటారు. మాస్టారిది ఆ వెయ్యిలోనూ లేని విధం. లోకంలో ఎవరైనా ఎవరింటికైనా వెళ్తే "బాగున్నారా?" అని పలకరిస్తారు. ఆయన మాత్రం చెప్పులు విప్పుతూనే "మీ ఇంట్లో దుమ్ముందా?" అని అడిగేవారు. ఉందంటే మొహం వెలిగిపోయేది. లేదంటే, ఆ ఇంటికేదో కష్టమొచ్చినట్టు "అయ్యయ్యో" అనేవారు.

ఆయన చదువే అది మరి. ఇళ్లలో పేరుకునే దుమ్ములో ఏముంటుంది, అది పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ఏమవుతాయి అన్నది ఆయన పరిశోధన. విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసరు, గది తలుపు మీద పేరు కన్నా డిగ్రీలే పొడుగు. అయినా తోటి ప్రొఫెసర్ల నుంచి గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆయన దుమ్ము మాస్టారే. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మెత్తటి బ్రష్షు ఉండేది. పర్సు ఉండాల్సిన చోట కాగితం పొట్లాలు ఉండేవి.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న శిష్యురాలికి మొదటి ఏడాదంతా సిగ్గుతోనే సరిపోయింది. ఒక సదస్సులో వేదిక మీద ముఖ్య అతిథి గొంతు చించుకుంటుంటే, ఈయన ముందు వరసలో కూర్చుని కిటికీ తెర అంచుని బ్రష్షుతో దువ్వుతున్నారు.

"సార్, అందరూ మననే చూస్తున్నారు."

"చూడనీ అమ్మాయ్. సిగ్గుపడితే దుమ్ము ఎవరిస్తారు?"

పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడా అదే వరస. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరవగానే పైన ఫ్యాను కనిపించింది. నోట్లో పట్టకారు ఉండగానే "అది తుడిచి ఎన్నాళ్లయిందండీ?" అన్నారు. డాక్టరు నొచ్చుకుని, "ఇవాళే తుడిపిస్తాను" అన్నాడు. ఈయన కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. "వద్దు! పన్ను పోతే పోయింది, ముందు నాకో స్టూలు ఇప్పించండి!"

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 'మురికి' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఎంత మట్టికొట్టుకుపోయిన ఇంట్లోనైనా చుట్టూ ఆప్యాయంగా చూసి "సమృద్ధిగా ఉందండీ" అనేవారు. ఇల్లాలు కూడా అదేదో బిరుదనుకుని కాఫీ ఇచ్చేది.

ప్రయోగశాల చివర ఒక కొట్టుగది ఉండేది. దాని తాళంచెవి ఎవరికీ ఇచ్చేవారు కాదు. లోపల ఊరందరి దుమ్మూ మూటలు కట్టి దాచారని విద్యార్థులు చెప్పుకునేవాళ్లు. అంత పిచ్చి ఉన్న మనిషి దుమ్ము కాక బంగారం దాస్తాడా అని శిష్యురాలూ అనుకుంది.

ఆ ఏడు ఆమె నాలుగేళ్ల కొడుక్కి దగ్గు పట్టుకుంది. మందు వేస్తే తగ్గేది, ఆపగానే తిరిగొచ్చేది. పడుకోబెడితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అత్తగారికి ఆ మనవడంటే ప్రాణం. వాడు దగ్గినప్పుడల్లా ఆవిడ కోడలి వైపు చూసేది. ఒకరోజు చూపు కాస్తా మాటైంది.

"పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల దుమ్ములో మునిగి, ఆ బట్టలతోనే వచ్చి వాణ్ణి ఎత్తుకుంటావు. దగ్గు రాకేం చేస్తుందే?"

భర్త చప్పున పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య మాటొస్తే అతను ఎప్పుడూ ఆ పేపరు వెనకే ఉండేవాడు. శిష్యురాలి భయమూ అదే. ఈ నెలాఖరులోగా పిల్లాడికి నయం కాకపోతే పరిశోధన మానేద్దామని నిశ్చయించుకుని, మర్నాడు ఆ మాటే మాస్టారితో చెప్పి ఏడ్చేసింది.

ఆయన మెల్లగా అడిగారు.

"మీ ఇంట్లో దుమ్ముందా?"

"సార్!"

"రేపొస్తున్నా. ఇంట్లో చెప్పకు."

చెప్పకుండా గురువుగారిని ఇంటికి తీసుకొస్తే అత్తగారితో ఎవరు పడతారు? చెప్పింది. ఇంకేముంది, అత్తగారు కొంగు బిగించి బూజులు దులిపి, తలుపులు కడిగి, చివరికి చీపురుని కూడా తుడిచి మూల నిలబెట్టింది.

మాస్టారు వచ్చి ఫ్యాను మీద వేలు పెట్టారు. శుభ్రం. కిటికీ చువ్వ, బీరువా పైభాగం, గడియారం వెనక, అన్నీ శుభ్రమే.

"ఎంత పని చేశారండీ అక్కయ్యగారూ!"

"ఏం, ఎక్కడైనా మిగిలిందా?"

"ఏమీ మిగల్చలేదండీ. అదే నా బాధ."

ఆయన మంచాల కింద దూరితే, పిల్లవాడూ కిలకిలా నవ్వుతూ వెనకే దూరాడు. వాడి చంకలో ఒక దిండు ఉంది. అది లేకపోతే వాడికి నిద్ర రాదు. పోయిన తాతగారి చొక్కాలు ముక్కలు చేసి, నాయనమ్మ స్వయంగా గలీబు కుట్టింది. లోపల దూది కూడా తాతగారి దిండులోదే. మాస్టారు మంచం కిందే బోర్లా పడుకుని, వాణ్ణి బతిమాలి, దాన్ని చేతికి తీసుకుని తట్టి చూశారు. తుమ్ము మీద తుమ్ము వచ్చింది.

"సమృద్ధిగా ఉంది" అని గొణిగారు.

"ఏముందీ?" అంది అత్తగారు వంగి చూస్తూ.

"ప్రేమండీ. ప్రేమ సమృద్ధిగా ఉంది" అని మళ్లీ తుమ్మారు.

దిండు తట్టితే రాలిన దుమ్మూ, పనిలో పనిగా కోడలి బట్టల మీది దుమ్మూ పొట్లాలు కట్టుకుని వెళ్లారు. ప్రయోగశాలలో శిష్యురాలే పరీక్ష చేసింది. ఆమె బట్టల దుమ్ములో దగ్గు తెచ్చేదేమీ లేదు. దిండులో మాత్రం దుమ్ము పురుగులు కాపురాలు పెట్టి, తరతరాలుగా స్థిరపడిపోయాయి. కంటికి ఆనవు, కుట్టవు, కరవవు. కానీ వాటి మలం గాలిలో కలిస్తే, పడనివాళ్ల ఊపిరి బిగిసిపోతుంది. తన తప్పు కాదని తెలిసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అత్తగారు గుర్తొచ్చింది.

"నేను చెప్పలేను సార్. మామగారి చొక్కాలవి. మీరిచ్చిన దిండు వల్లే దగ్గు అంటే ఆవిడ కుమిలిపోతుంది. ఇంక వాణ్ణి దగ్గరికి కూడా తీసుకోదు."

"చెప్పమన్నదెవరు? అడుగుదాం."

ఆ సాయంత్రమే మాస్టారు అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అక్కయ్యగారూ, మీ ఇంట్లో నిధి ఉంది. ఆ దిండులో దూది. నా సర్వీసులో అలాంటిది చూడలేదు. సైన్సు కోసం నాకు ఇప్పించాలి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"అది లేందే వాడు పడుకోడే."

"గలీబు మీదే. ఉడుకునీళ్లలో ఉతికించి, కొత్త దూది నింపించి రేపే తెచ్చిస్తా. పాత దూది నాకు చాలు. కాకపోతే ఒక్క నియమం. ఇకనుంచి గలీబులూ దుప్పట్లూ వారం వారం వేడినీళ్లలో ఉతకాలి. లేకపోతే నా పరిశోధన చెడిపోతుంది."

అత్తగారు దిండుని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరింది. మాస్టారిని చూసింది, తల దించుకున్న కోడలినీ చూసింది.

"సైన్సు అంటున్నారు. తీసుకెళ్లండి."

అంత పెద్ద ప్రొఫెసరు దిండు కావలించుకుని వీధి వెంట నడిచి వెళ్తుంటే, జనం అరుగుల మీదికొచ్చి మరీ చూశారు.

పిల్లవాడి దగ్గు మెల్లమెల్లగా తగ్గింది. పిల్లికూతలు పోయాయి. డాక్టరు మందులు తగ్గించాడు. నెలాఖరు వచ్చింది, వెళ్లిపోయింది, మానేసే మాట ఎవరూ ఎత్తలేదు.

అప్పుడొకరోజు మాస్టారు కొట్టుగది తాళంచెవి తీసి శిష్యురాలి చేతిలో పెట్టారు. "మీ దూది లోపల పెట్టిరా." ఆమె తలుపు తీసి నిలబడిపోయింది. లోపల దుమ్ము మూటలు లేవు. గట్టి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టిన దిండ్లు, బొంతలు, చిరిగిన తివాచీలు, ఒంటికన్ను ఎలుగుబంటి బొమ్మ ఒకటి.

"ఇవన్నీ పరిశోధనకేనా సార్?"

"పరిశోధనకి చిటికెడు చాలదూ?"

"మరి?"

"నీ బిడ్డ దగ్గు దీనివల్లేనని చెబితే ఏ తల్లయినా తల దించుకుంటుంది. మహాతల్లీ, ఇది నాకివ్వమ్మా అని అడిగితే తలెత్తుకుని ఇస్తుంది."

"ఇచ్చాక పారెయ్యొచ్చుగా?"

మాస్టారు నివ్వెరపోయారు. "ఎప్పుడైనా వచ్చి మా దిండేదీ అంటే? చూపించొద్దూ?"

ఇన్నాళ్లూ ఈ మనిషి పక్కన నడవడానికా తను సిగ్గుపడింది? కళ్లు తుడుచుకుంటూ ఆమె ఇంటికొచ్చింది. అత్తగారు పెరట్లో వేడినీళ్లలో దుప్పట్లు జాడిస్తోంది. కోడలి మొహం చూసి చెయ్యి ఆపింది.

"ఏమిటే, దిండు సంగతి నాకు తెలీదనుకుంటున్నావా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా?

"ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?"

"ఆయన తుమ్ముతూ ప్రేమ అన్నాడు చూడు, అప్పుడే. ప్రేమకి ఎవరు తుమ్ముతారే?"

"మరి ఊరుకున్నారే?"

"నా మనసు నొప్పించకూడదని అంత పెద్దమనిషి చెమటలు కక్కుతూ నిలబడితే, కాదని ఎలా అంటాను? నాకు తెలిసిందని చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు." ఆవిడ దుప్పటి ఒక కొస కోడలి చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని పిండింది. "నిన్ను ఊరికే ఆడిపోసుకున్నానే. మనసులో పెట్టుకోకు."

"లేదత్తయ్యా."

"సరే గానీ, పక్కింటి పిల్లకీ దగ్గుట. నిన్న చూసొచ్చాను, మంచం పక్కన తాతలనాటి తివాచీ ఒకటుంది. సమృద్ధిగా ఉందని మీ మాస్టారికి చెప్పు."