మా మేనత్త వెతికిన నంబరు

మా మేనత్త పోయింది. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. మహబూబ్‌నగర్ దవాఖానలో పొద్దున చాయ్ తాగి, పక్క మంచం ఆమెతో కాసేపు ముచ్చట పెట్టి, అటు ఒత్తిగిలి పడుకుందట. మళ్ళీ లేవలేదు. "అక్క పోయిందిరా" అని మా నాయిన ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో ఎవరిదో పట్టా కాగితం జిరాక్స్ తీస్తున్నాను. నిజం చెప్తాను, ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. నా బల్ల మీద ఆమె రాయించిన ఐదు ఉత్తరాల నకళ్ళున్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. పని సగంలో వదిలేసి వెళ్ళే మనిషి కాదు ఆమె, మరి ఇదేం పద్ధతి అనిపించింది.

మాది కోస్గి. బస్టాండు ఎదురుగా నాది జిరాక్స్ దుకాణం. మా మేనత్త అదే ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా అంగన్‌వాడీ టీచరుగా చేసింది. పిల్లల బరువులు, టీకాలు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని రిజిస్టర్లలో రాసీ రాసీ, చివరికి ఏ సంగతైనా రాసుకుంటే తప్ప నమ్మని స్థితికి వచ్చింది. కళ్ళజోడుకు దారం, భుజాన గుడ్డసంచి, అందులో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, రెండు పెన్నులు. ఒకటి ఆగిపోతే ఇంకొకటి. నా దుకాణం బెంచీ మీద కూర్చుందంటే గిరాకీకి చోటుండేది కాదు. పాడైన కాపీని చింపి బుట్టలో వేయబోయానా, అయిపోయింది నా పని.

"చింపకు! ఏం పుట్టిందిరా నీకు? ఎనక దిక్కు తెల్లగనే ఉన్నది కద!"

"పిచ్చి కాయితం అత్తా, దానికేముంది?"

"ఏది పిచ్చి కాయితమో నీకు ఇయ్యాల తెలుస్తదా?"

ముసలామె చాదస్తం అనుకునేవాణ్ణి. దాని వెనుక సంగతి మా అవ్వ పోయాక తెలిసింది.

నాకొక పెద్దనాయిన ఉండేవాడు. నేను చూడలేదు, మా నాయినకే సరిగ్గా గుర్తులేదు. ముగ్గురిలో ఆయన పెద్ద, మేనత్త నడిపిది, మా నాయిన చిన్న. బడి చదువు కాగానే పెద్దనాయిన వాయుసేనలో చేరాడు. సరుకులు మోసే విమానంలో వైర్‌లెస్ పని. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో ఆయన ఎక్కిన విమానం ఒకటి తిరిగి రాలేదు. మా ఇంట్లో తెలిసింది అంతవరకే. కొడుకు చచ్చిపోయాడని తాత అనేవాడు, వస్తాడని అవ్వ అనేది. ఇద్దరూ ఒకే గిన్నెలో వండుకు తింటూ ఆ రెండు మాటల మీదే బతుకంతా వెళ్ళదీశారు. అవ్వ బతికున్నంతకాలం ఆ విషయం ఎవరూ ఎత్తడానికి లేదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు అవ్వ పోయింది. ఆ ఏడు పెత్రమాస నాడు, అంటే చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, అయ్యగారు ఇంటికొచ్చి పేర్లు అడిగాడు. మా నాయిన తాత పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు, ఇక అన్న పేరు చెప్పబోయాడు. మా మేనత్త గబుక్కున వంగి బియ్యం పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్న పేరు చెప్పకు తమ్మీ."

"ఎందుకక్కా? నలభై ఏండ్లు దాటిపాయె. పెద్దలల్ల కలుపకుంటె ఎట్ల? పాపం తగుల్తది."

"పోయిండని నీకెవరు చెప్పిన్రు? కాయితం ఏది? కాయితం చూపెట్టి కలుపు. నేను తెస్త ఆ కాయితం."

అయ్యగారు బిత్తరపోయి చూశాడు. ఆ ఏడు బియ్యం ఇద్దరి పేరు మీదే వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, నాతో చెప్పింది. "కాయితం వచ్చిందిరా అల్లుడా. చింపింది నేనే."

మా వైపు ఒక పద్ధతి ఉంది. చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదివిన వెంటనే చింపి గడప అవతల పారేస్తారు. ఇంట్లో ఉంచుకుంటే ఇంకో చావు వస్తుందని భయం. యుద్ధమప్పుడు వాయుసేన నుంచి కవరు వచ్చిందట. ఇంగ్లీషు కాగితం. పోస్టుమాస్టరు చదివి, తాతకు ఏదో చెప్పి తల దించుకున్నాడట. మా మేనత్త అప్పుడు ఏడో తరగతి. తాత ఆమె చేతికిచ్చి "చింపి పారెయ్ బిడ్డా" అన్నాడు. చింపింది. ఆ కాగితంలో నిజంగా ఏముందో ఇంట్లో ఎవరూ చదవలేదు. చచ్చిపోయాడని ఉందో, కనబడటం లేదని ఉందో. ఆ తర్వాత వచ్చిన సర్కారు కవర్లు వేటినీ తాత గడప దాటనివ్వలేదు. పెద్దనాయిన రాసిన ఉత్తరాలను కూడా పొయ్యిలో వేశాడు.

"నంబరుండె దాని మీద. మిలిట్రోళ్ళకు నంబరుంటది. జర చూసి గుర్తుపెట్టుకున్న అయిపోతుండె గదరా" అంది. అప్పటికి అరవైకి దగ్గరపడుతున్న మనిషి, ఏడో తరగతి పిల్ల చేసిన తప్పుకు ఇంకా కుమిలిపోతోంది. నేను చాయ్ తెప్పించాను.

వాయుసేన ఆఫీసుకు మొదటి దరఖాస్తు నేనే టైపు చేశాను. మూడు నెలలకు జవాబు వచ్చింది: సర్వీసు నంబరు తెలపండి. రెండోదానికీ అదే. మహబూబ్‌నగర్‌లో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నంబరు లేంది ఏం చేయలేమమ్మా" అన్నాడు. ఆమె నోటుబుక్కు తీసి ఆయన పేరు రాసుకుంది.

"ఆయన లేదన్నడు గద, పేరెందుకు అత్తా?"

"లేదన్నోళ్ళ పేరు గూడ రాయాలె. లేకుంటె తిరిగి తిరిగి మళ్ళ వాళ్ళ కాడికే పోతం."

అంగన్‌వాడీ బుద్ధి. నేను నవ్వాను కానీ ఆ నోటుబుక్కే చివరికి పని చేసింది. మా ఇంట్లో ఉత్తరాలు లేకపోతే ఏం, ఆయన ఇంకెవరికో రాసి ఉంటాడు కదా, ఆ ఉత్తరం మీద నంబరు ఉంటుంది కదా అన్నది ఆమె లెక్క. పెద్దనాయిన చదివిన బడికి వెళ్ళి హెడ్మాస్టరును బతిమాలి పాత రిజిస్టరు తీయించింది. ఆయనతో చదివినవాళ్ళు ముప్పై ఒక్కమంది. ఆ పేర్లన్నీ దించుకుని వీలు దొరికిన ఆదివారం ఒకరి చొప్పున మొదలుపెట్టింది. సగంమంది పోయారు. కొందరు ఎప్పుడో బొంబాయి పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. వాళ్ళ కొడుకుల ఫోన్ నంబర్లు పట్టింది. ఒకాయనకు మతిమరుపు వచ్చి, మా మేనత్తనే తన చెల్లెలనుకుని రెండు గంటలు కదలనివ్వలేదు. ఆ ఇంటికి తర్వాత మూడుసార్లు పోయింది, నంబరు కోసం కాదు, ఊరికే.

ఇలా నాలుగేళ్ళు. ఈలోపు జిల్లాలు ముక్కలయ్యాయి, మా మండలం నారాయణపేటకు పోయింది, దరఖాస్తుల మీద చిరునామా మార్చాల్సి వచ్చింది. "జిల్లా మారితె మారనీ, మా అన్న అయితె మారలే గద" అని కొత్త చిరునామా తనే రాసింది.

ఇరవై ఏడో పేరు యాదగిరిగుట్టలో కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్న ఆయనది. "నాకూ రాసిండమ్మా. దుకాణం జాగా మారినప్పుడు ఆ ఉత్తరాలు ఏడ పడ్డయో ఏమో" అని, కాసేపు గడ్డం గోక్కుని, "ఆలంపూర్ల ఫోటోలకు ఫ్రేములు కడ్తడు చూడు, మా సాయిబు దోస్తు, ఆయనకైతే నెలనెలా రాసేటోడు" అన్నాడు. ఆ ఫ్రేముల ఆయన మా ఊరి బడిలో ఒక్క ఏడాదే చదివి వేరే బడికి పోయాడట. అందుకే జాబితాలో లేడు.

పెళ్ళిళ్ళ సీజనులో నా దుకాణం మూయించి ఆలంపూర్‌కు తీసుకుపోయింది. దారంతా నేను సణుగుతూనే ఉన్నాను. తీరా వెళ్తే ఫ్రేముల ఆయన రెండేళ్ళ కిందే పోయాడు. దుకాణంలో ఆయన భార్య కూర్చుని జోగులాంబ ఫోటోకు దుమ్ము తుడుస్తోంది. నేను బస్టాండు వైపు తిరిగాను. మా మేనత్త మాత్రం చెప్పులు విడిచి లోపలికి పోయి, వచ్చిన పని చెప్పింది.

"మీరు ఆయన చెల్లెలా?" అందామె లేచి. "కూసో అక్కా, కూసో. మొగులు మీద ఇమానం సప్పుడైతె సాలు, మా ఆయన చేతిల పని వదిలి బయటికొచ్చి చూసేటోడు. మా దోస్తు అట్లనే పోయిండు అనేటోడు."

ఇనుప పెట్టె తెరిచింది. అందులో రేషను కార్డుల కింద, మడతల దగ్గర చీకిపోయిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటే మిగిలి ఉంది. మా మేనత్త దాన్ని చదవలేదు. తిప్పి, పంపినవాని చిరునామా చూసింది. పేరు ముందర నంబరు. వేలు పెట్టి ఒక్కొక్క అంకె పైకి చదివింది, నోటుబుక్కులో రాసింది, నన్ను రాయమంది, ఆ ఇంటామెను కూడా ఒక చీటీ మీద రాసి పెట్టుకోమంది. మూడు చోట్ల ఉంటే ఎవరూ చింపలేరట.

ఆ ఇంటామె ఇచ్చి పంపిన ఉత్తరాన్ని మా మేనత్త తిరుగు బస్సులో గద్వాల దాటాక గానీ విప్పలేదు. ఒక్క పేజీ. పప్పు తినలేక చస్తున్నానని, చలికి చెవులు పోతున్నాయని రాశాడు. చివర్లో, "మా నాయిన చెల్లెను బడి మాన్పిస్తనంటున్నడు. నువ్వు పోయి మాన్పియ్యొద్దని చెప్పు. నీ మాట ఇంటడు" అని ఉంది. ఆయన వెళ్ళి చెప్పాడో లేదో తెలియదు కానీ మా మేనత్త పది దాకా చదివింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చీర కొంగు నోట్లో కుక్కుకుని, బస్సంతా చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

నంబరుతో దరఖాస్తు పెట్టాక జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. తూర్పు కొండల మీదికి సరుకులతో వెళ్ళిన విమానం జాడ తెలియలేదని, అందులోని ఆరుగురూ మరణించినట్టు భావించడమైనదని, వాళ్ళ పేర్లు, ఊళ్ళు, తేదీతో సహా రెండు పేజీలు. ఆ ఏడు పెత్రమాసకు మా మేనత్తే మూడు పేర్లూ గట్టిగా చెప్పింది. మా నాయిన పళ్ళెం పట్టుకుని పిల్లాడిలా వెక్కాడు. ఆమెపై నుంచి ఏదో బరువు దిగినట్టు ఆ రోజు రెండు బూరెలు ఎక్కువ తిన్నది.

ఇక ముగిసిందనుకున్నాను. మరునాడు పొద్దున్నే నోటుబుక్కుతో దుకాణం ముందుంది.

"మిగిలిన ఐదుగురి పేర్లున్నై రా దీంట్ల."

"ఇంక చాలు అత్తా! మన మనిషి సంగతి తెలిసె. ఎవరో ఏ దేశమోళ్ళో, మనకెందుకు?"

"నీకు చాలు. వాళ్ళిండ్లల్ల గూడ నా అసొంటి పోరి ఒకతి ఉండొచ్చు. కాయితం చింపి కూసున్నదేమో. ఎవరు చెప్తరు ఆమెకు?"

ఐదుగురి ఊళ్ళు ఎక్కడెక్కడివో. ఆమె కనిపెట్టిన దారి ఒక్కటే: ఆ ఊరి బడి హెడ్మాస్టరుకు రాయడం. బడి ఉన్నచోట రిజిస్టరు ఉంటుందని ఆమె నమ్మకం. తెలుగులో ఆమె చెప్తే నేను తోచిన హిందీలో, ఇంగ్లీషులో టైపు చేశాను. అడుగున నా దుకాణం ఫోన్ నంబరు. రెండేళ్ళలో ఒకటి వెనక్కి తిరిగొచ్చింది, మిగతావాటికి ఉలుకూ పలుకూ లేదు. దవాఖానలో సెలైను ఎక్కుతుంటే కూడా నన్ను చూసి అడిగిన మొదటి మాట, "పోస్టు ఏమన్న వచ్చిందా?" రాలేదన్నాను. "మళ్ళ రాయి. హెడ్మాస్టరు బదిలీ అయి ఉంటడు" అంది.

మొన్న ఫోన్ వచ్చింది. హిమాచల్‌లో ఏదో ఊరు, ముసలి గొంతు. నాకొచ్చిన ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడాను. కొత్త హెడ్మాస్టరు పాత బీరువా సర్దుతుంటే ఉత్తరం దొరికి, ఇంటికి తెచ్చిచ్చాడట. విమానంలో పోయిన మిగతా ఐదుగురిలో ఒకాయనకు ఈయన తమ్ముడు. "అక్కగారికి ఫోన్ ఇవ్వండి, నేను దండం పెట్టాలి" అన్నాడు. లేదని చెప్పాను. ఎన్నాళ్ళయిందని అడిగాడు, చెప్పాను. తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళింట్లో కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయట. తెలియనిదల్లా ఒక్కటే. అన్న పంపిన ఆఖరి ఫోటోలో పక్కన ఇంకొకడున్నాడు, వెనుక "నా వైర్‌లెస్ దోస్తు" అని రాసి ఉంది. ఆ పిల్లగాడు ఎవరు, ఏ తల్లి కొడుకు, బతికాడా అని వాళ్ళమ్మ అడిగీ అడిగీ పోయిందట. ఆ విమానంలో వైర్‌లెస్ పని మా పెద్దనాయినదేనని చెప్పాను.

ఇంకా నలుగురున్నారు. నిన్ననే నాలుగు బళ్ళకూ మళ్ళీ రాశాను.

ఆయన ఆ ఫోటో నా ఫోన్‌కు పంపాడు. విమానం రెక్క నీడలో ఇద్దరు నేల మీద కూర్చుని ఒకే కంచంలో తింటున్నారు. వాళ్ళన్న బుద్ధిగా కెమెరా వైపు చూస్తున్నాడు. రెండో అతనికి ఫోటో తీస్తున్నారన్న ధ్యాసే లేదు. నోటినిండా ముద్ద, చెయ్యి ఇంకా కంచంలోనే, పైన ఏదో చప్పుడు విన్నట్టు తల మాత్రం ఎత్తి, నవ్వబోతున్నాడు.